ముడతలు లేని ముఖం

దుప్పటి అంచును ఎడమచేత్తో లాగిపట్టి, కుడిచేత్తో ఇస్త్రీపెట్టెను తోసుకుంటూ పోతున్నాడతను. ఆసుపత్రి వెనక బట్టల గది అది. లోపల ఎంత ఆవిరంటే గోడలకు కూడా చెమటే. పెట్టె వెనకాలే అతని అరచెయ్యి వెళుతుంది. మిగిలిన వేడిని తడుముతూ ఏ మూలనైనా ముడత దాక్కుందేమోనని వెతుకుతుంది. బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. మెడ ముందుకు వంగిపోయింది. ఊరందరి దుప్పట్లూ సాపు చేసిన మనిషి తన వీపును మాత్రం సాపు చేసుకోలేకపోయాడు.

ఆఖరి దుప్పటి మడతపెట్టి, మొహం కడుక్కుని, సంచీలో పెన్సిళ్లు ఉన్నాయో లేదో చూసుకుని, బొమ్మల క్లాసుకు బయలుదేరాడు.

క్లాసులో అందరూ తలలు నెరిసినవాళ్లే. గుర్రాన్ని గీస్తే మేకలా, మేకను గీస్తే మేకులా వచ్చే బాపతు. సరళరేఖ అంత సరళం కాదని మొదటిరోజే తెలుసుకుని కూడా పారిపోనివాళ్లు. వాళ్లకతను ఇస్త్రీ బాబాయ్.

బాబాయ్ చేరింది భార్య కోసం. ఆమె గుండె ఇక ఎన్నాళ్లో కొట్టుకోదని డాక్టర్లు తేల్చేశారు. ఫొటో అనగానే ఆమెకు కళ్లు మూతపడతాయి. పెళ్లినాటి ఫొటో నుంచి ఆసుపత్రి కార్డు దాకా ఒక్కదాంట్లోనూ కళ్లు తెరిచి లేదు.

“బతికినన్నాళ్లూ నిద్ర చాల్లేదు గానీ, పోయాక గోడెక్కి నిద్రపోవాలా? కళ్లు తెరిచి ఉన్న నన్ను నువ్వే గీసిపెట్టు,” అంది.

గీశాడు. ఎన్నిసార్లు గీసినా ఒకటే తప్పు. చెయ్యి ఊరుకోదు. నుదుటి మీద గీతలు, పెదవుల పక్క మడతలు గీసీ గీయకముందే బొటనవేలు వెళ్లి తుడిచేస్తుంది. అలవాటు పడ్డ వేలు.

“ఎవరిది? మా చెల్లెలా?” అందామె మొన్న, కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని. “స్త్రీని గీయవయ్యా అంటే ఇస్త్రీ చేసిపెట్టావు. నీతో వేగి వేగి సంపాదించుకున్న ముడతలు ఇవి. ఒక్కటి తగ్గినా ఒప్పుకోను.”

ఈరోజు పంతులమ్మ ఒక గుడ్డను నలిపి కుర్చీ మీద పడేసి, గీయమంది. అతని చేతులు దురదపెట్టాయి. లేచి, గుడ్డను దులపడానికి రెండడుగులు వేశాడు కూడా.

“బాబాయ్, కూర్చోండి,” అంది పంతులమ్మ నవ్వు ఆపుకుంటూ. “ముడత మీద పగబట్టకండి. అదెక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో దాని వెనకాలే వెళ్లండి.”

“పుట్టినప్పట్నుంచీ దాని వెనకాలే పోతున్నానమ్మా. కాకపోతే పెట్టె పట్టుకుని.”

“పెట్టె దించేసి కాస్త ముందుకు జరుగు బాబాయ్,” అన్నాడు పక్కనున్న రిటైరైన కండక్టర్.

బొటనవేలిని పిడికిట్లో ముడిచిపెట్టి పెన్సిల్ పట్టుకున్నాడు. ఏ ముడత ఒక్క దెబ్బకే లొంగుతుందో, ఏది మొండికేస్తుందో అతనికి తెలియనిది కాదు. తీసేయడానికి తెలిసిందంతా ఇప్పుడు ఉంచడానికి పనికొచ్చింది. గీత లోయలోకి దిగింది, గట్టెక్కింది, మరో గీత కింద దూరి బయటికి వచ్చింది.

పంతులమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తీసుకెళ్లి గోడకు గుచ్చింది.

“దీన్ని అర్జంటుగా ఇస్త్రీకి వెయ్యాలి,” అన్నాడు కండక్టర్. బాబాయ్ మెడ కొంచెం పైకి లేచింది.

ఇంటికి దాదాపు పరుగే. మెట్ల మీద పై వాటా ఆవిడ ఎదురైంది.

“పాలు తాగి మధ్యాహ్నమే పడుకుంది అన్నయ్యా. మా బొమ్మలయ్య వచ్చాడా అని అడిగి మరీ పడుకుంది. మళ్లీ వచ్చి చూసినా లేవలేదు, నేనూ లేపలేదు.”

కిటికీలోంచి పొద్దు మంచం మీద పడుతోంది. మంచి వెలుతురు. లేపబుద్ధి కాలేదు. స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. ముందు ముఖం, లేచాక కళ్లు అనుకుని, వాటికి చోటు వదిలి మొదలుపెట్టాడు.

నుదురు గీశాడు. గీతలు రాలేదు. పెదవుల పక్క గీశాడు. అక్కడా సాపుగానే వచ్చింది. వేలిని తిట్టుకున్నాడు. రబ్బరుతో చెరిపి మళ్లీ గీశాడు. మళ్లీ ‘మా చెల్లెలా?’ అంటుంది. కనుబొమల మధ్య ఒక ముడి ఉండాలి. నిద్రలో కూడా విడిపోని ముడి. దాన్ని పట్టుకుందామని తల ఎత్తి, ఇందాక గుడ్డను చూసినట్టే, ఉన్నది ఉన్నట్టు చూశాడు.

ముడి లేదు. నుదుటి మీద ఒక్క గీత లేదు. ఏ పెట్టే అంత సాపు చేయలేదు.

బొమ్మలో తప్పు లేదు.

“ఏమే,” అన్నాడు. అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టాడు. మిగిలిన వేడి కోసం ఆ చెయ్యి ఈ చివర్నుంచి ఆ చివరికి వెతికింది.

జనం వచ్చారు. ఎవరో అతన్ని లేపి గోడవారగా కూర్చోబెట్టారు. ఎవరో ఆమెను ఎత్తుకుని ముందుగదిలోకి తీసుకుపోయారు. “బొమ్మ భలే కుదిరింది, అచ్చం వదినే,” అంది పై వాటా ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. స్టూలు మీద కాగితంలో కళ్లు ఉండాల్సిన చోట రెండు తెల్లటి ఖాళీలు ఉన్నాయి.

అందరూ ముందుగదికి వెళ్లాక అతను లేచి మంచం దగ్గరికి వచ్చాడు. చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. దుప్పటికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

అంచు దగ్గర, ఆమె పిడికిలి బిగించిన చోట, గుడ్డ నలిగి అలాగే ఉంది.