నిమ్మకాయకు దక్కిన పేరు

నేను ఒక నల్ల డబ్బాను. నాకు ఐదు రంధ్రాలు, వాటి పక్కన ఐదు పచ్చదీపాలు. ఇంట్లోకి వచ్చిన ఇంటర్‌నెట్‌ను వైర్ల ద్వారా కంప్యూటర్‌కీ, టీవీకీ, ప్రింటర్‌కీ పంచిపెట్టడం నా వృత్తి. నన్ను స్విచ్ అంటారు. ఏ దేశపు ఫ్యాక్టరీలోనో పుట్టి, గుంటూరు దుకాణంలో దుమ్ము తిని, చివరికి తెనాలిలో పానకాలుగారి పాలపడ్డాను.

ఆయన హాస్టల్ వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. ఎక్కడైనా మంచం ఖాళీగా కనిపిస్తే ఆయనకు అన్నం సహించేది కాదట. ఆ రోగం నామీదా చూపించారు.

ఆవేళ కూతురు జ్యోత్స్నకు ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇదీ తప్పితే మేనమామ పచ్చళ్ల షాపులో సీసాలకు లేబుళ్లు అంటించడమే గతి. ఇంటర్వ్యూ మొదలయ్యాక, ఇల్లు సర్దుతూ పెద్దాయన నా దగ్గరికొచ్చారు. ప్రింటర్ రిపేరుకు పోయింది. దాని వైరు ఒక కొస నాలో ఉంది, రెండోది నేలమీద పడి ఉంది. నాలో ఒక రంధ్రం ఖాళీ.

"ఇదేంటిది, దిక్కూమొక్కూ లేకుండా!" అంటూ ఆ కొసనూ నాలోనే గుచ్చేశారు.

ఇక చూడండి నా అవస్థ! ఒక రంధ్రంలోంచి పంపిన కబురు ఇంకో రంధ్రంలోంచి నాకే తిరిగొస్తోంది. వచ్చినదాన్ని మళ్లీ పంపుతున్నాను. చెప్పిందే చెప్పడంతో సరిపోయి అసలు కబురుకు చోటే లేకపోయింది. ఇంటర్వ్యూ మధ్యలో తెరమీద పెద్దమనిషి తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయాడు.

"నాన్నా, నెట్ పోయింది!" జ్యోత్స్నకు ఏడుపొక్కటే తక్కువ.

పానకాలుగారు ఇంటర్‌నెట్ వాళ్లకు ఫోన్ చేసి దులిపేశారు. నా దీపాలు పిచ్చెత్తినట్టు మిణుకుమంటుంటే, "డబ్బా మాత్రం భేషుగ్గా ఉంది" అని నాకు సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆయన భార్య భ్రమరాంబ నిమ్మకాయ పట్టుకొచ్చింది. "ఎదురింటావిడ పొద్దున్నే ఆరా తీసిపోయిందండీ. దిష్టి కాక మరేంటి?"

కట్టడానికి దారం దొరకలేదు. చేతికందిన ఆ వైరునే రెండు కొసలూ లాగేసి, కాయను చుట్టి కిటికీకి వేలాడదీసింది.

అమ్మయ్య! నాకు ఊపిరాడింది. తెరమీద పెద్దమనిషి నోరు మూశాడు, ఇంటర్వ్యూ సాగింది, ఉద్యోగమూ వచ్చింది. పేరు మాత్రం నిమ్మకాయకు దక్కింది.

జ్యోత్స్న హైదరాబాదులో గది తీసుకుంది. ప్రయాణం రోజున పానకాలుగారు ఎండిన కాయను తీసి పారేసి, ఆ వైరునూ నన్నూ సంచిలో సర్దారు.

"అచ్చొచ్చిన వైరమ్మా! వెళ్లగానే డబ్బాకు పెట్టు. రెండు కొసలూ పెట్టాలి తల్లీ, ఏదీ ఊరికే వేలాడకూడదు."

"అలాగే నాన్నా" అంది జ్యోత్స్న.

సంచిలో ఎక్కడైనా ఇంకో నిమ్మకాయ ఉందేమోనని నేను వెతుక్కుంటున్నాను.