గాలిచాటు

ఈత, సైకిలు, పరుగు. మూడూ ఒకదాని వెంట ఒకటి. పేపర్లో దానికి ట్రయథ్లాన్ అని పేరుంది. పాలకొల్లు కాలవగట్టు మీది ఆ ఊళ్ళో మాత్రం మూడాటల పందెం అనేవారు. యువజన సంఘం దాన్ని పెట్టిన రెండో ఏడు అది. తొంభై ఎనిమిదో సంవత్సరం.

ఏసురాజుకి ఒకటే పంతం. బావని ఓడించాలి.

కిందటేడు సైకిలు దారి పొడుగునా ఎదురుగాలి. ఏసురాజు రొమ్ముతో గాలి చీల్చుకుంటూ తొక్కాడు. బావ రమేష్ బాబు అతని వెనక చక్రానికి అతుక్కుని, గాలిచాటున హాయిగా వచ్చాడు. చివర్న పరుగులో అలుపు లేని కాళ్ళతో దాటేశాడు. అది మొదలు, ఏసురాజు అక్క దేవకుమారి ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడల్లా బావది ఒకటే మాట.

"మీ తమ్ముడి వీపు ఎంత వెడల్పే! తాటాకు తడికనుకో."

ఏసురాజు పోయి సంఘం ప్రెసిడెంటు బంగార్రాజు గారి అరుగెక్కి కూర్చున్నాడు. కొత్త రూలు పెట్టించేదాకా దిగలేదు. సైకిలు మీద ఎవరూ ఎవరి గాలిచాటునా రాకూడదు. మూడు సైకిళ్ళ ఎడం ఉండాలి. తప్పితే ఫౌలు. దిగి, సైకిలు నెత్తి మీదకెత్తుకుని, రెండో ఈల వేసేదాకా నించోవాలి.

పందెం రోజు ఈల బంగార్రాజు గారి దగ్గరే, మైకూ ఆయన దగ్గరే. ఆటో వెనక రెండు లౌడుస్పీకర్లు కట్టించి, వాటి మధ్య వెనక్కి తిరిగి కూర్చున్నారు. తప్పు చేసినవాడు కనపడాలి కదా.

కాలవలోంచి ఏసురాజే ముందు లేచాడు. తడి నిక్కరుతోనే సైకిలెక్కాడు. సముద్రం వైపు దారి. గాలి ఎదురొచ్చి ఈడ్చి కొట్టింది.

"ప్రభువా, ఈ గాలి కాస్త ఆపు" అనుకున్నాడు.

ఆగింది!

కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. ఏసురాజుకి ఒళ్ళు జలదరించింది. స్తోత్రం, స్తోత్రం అంటూ తొక్కాడు. ముందు ఆటోలోంచి మైకు హోరెత్తిపోతోంది.

"చూడండి చూడండి! ఏసురాజు గుర్రంలా వస్తున్నాడు! రమేష్ బాబు గారు ఇంకా కాలవ లాకుల దగ్గరే ఉన్నారు, ఆయనకెవరైనా కాఫీ పంపండి!"

గట్టు మీద జనం కేకలు. ఏసురాజు నవ్వుతూ పక్కకి చూశాడు.

దాళ్వా వరిచేను నేలకి వంగి వంగి లేస్తోంది. కొబ్బరి మట్టలన్నీ ఒకే పక్కకి జుట్టు విరబోసుకున్నాయి. గట్టు మీద ఒకావిడ పైట నిలుపుకోలేక తిప్పలు పడుతోంది.

గాలి ఆగలేదు.

ఎదురుగా చూశాడు. ఆటో. రెండు స్పీకర్లు. మధ్యలో ధాన్యం బస్తాలాంటి బంగార్రాజు గారు.

గెలిస్తే బావ ఏమంటాడో అప్పుడే వినపడింది. పక్కకి తప్పుకున్నాడు. గాలి చెంప మీద కొట్టింది. ఆటో కూడా పక్కకి వచ్చింది. ఇటు తిరిగాడు. ఆటో ఇటే వచ్చింది.

"తప్పుకోండీ!"

"విన్నారా! ఇంకా పొగడమంటున్నాడు!"

ఏసురాజు బ్రేకు నొక్కాడు. ఆటో ఆగింది.

"ఏంట్రా, పంచరా?"

"ఫౌలండి. ఈల వెయ్యండి."

"ఎవడి మీద?"

"నా మీదేనండి. చాటున వచ్చాను."

"మతి పోయిందా? అందరికన్నా ముందున్నావు కదరా. నీ ముందు ఎవడున్నాడు?"

"మీరున్నారండి."

మైకు ఆపలేదు. గట్టంతా విన్నది. బంగార్రాజు గారు కుడి స్పీకరు చూశారు, ఎడమ స్పీకరు చూశారు, తన పొట్ట చూసుకున్నారు. నవ్వులు మిన్నంటాయి. ఈల వేశారు.

ఏసురాజు సైకిలు నెత్తికెత్తాడు. అప్పుడే వచ్చాడు రమేష్ బాబు.

"ఎత్తుకో బావమరిదీ, ఎత్తుకో! నీ రూలు నీకే తగిలిందా!"

ఆటో బుర్రుమంటూ అతని ముందుకి పోబోయింది. రమేష్ బాబు చెయ్యెత్తాడు.

"తమరు వెనక రండి బాబూ! లేకపోతే ఏడాదంతా వీడు నన్ను దెప్పి చంపుతాడు!"

పరలోక ప్రార్థన ఒకసారి చెప్పుకునేంత సేపటికి రెండో ఈల పడింది. ఏసురాజు ఎగిరి సైకిలెక్కాడు. ముందు ఎవరూ లేరు, గాలి తప్ప. పళ్ళు బిగించి తొక్కాడు. దూరంగా బావ వీపు. విల్లులా వంగిపోయింది. ఈ ఏడు అతనికీ తడిక లేదు మరి. వెనక అతుక్కోకుండా, ఎడంగా పోయి పక్కకొచ్చాడు.

"గాలెలా ఉంది బావా?"

"నోరు ముయ్యి! నోట్లోకి పోతోంది!"

సైకిళ్ళు పారేసి ఇద్దరూ ఒకేసారి పరుగులోకి దూకారు. భుజం భుజం రాసుకుంటూ చర్చి ముందు మైదానంలోకి పడ్డారు. గెలుపు తాడు పక్కన దేవకుమారి గొంతు చించుకుంటోంది.

"రండీ! రారా! రండీ! రారా!"

రండీ మొగుడికి. రారా తమ్ముడికి. జనం పొట్టలు పట్టుకుంటున్నారు.

ఏసురాజు కళ్ళు మూసుకుని రొమ్ము ముందుకి తోశాడు. తాడు తగిలింది. బోర్లా పడ్డాడు. ఎవరు ముందో తెలియదు. చెప్పడానికి మైకు ఎక్కడో వెనక ఉంది. అక్క నోటి మాట కోసం చెవులు రిక్కించాడు. అండీ అంటుందా, రా అంటుందా?

"గెలిచావురా!"

అనేసి నాలిక్కరుచుకుంది. "మీరూ బాగానే పరిగెత్తారండీ."

రమేష్ బాబు వెల్లకిలా పడి రొప్పుతున్నాడు.

"ఒరేయ్, వచ్చే ఏడు నా వీపు చూస్తూ రావాలి నువ్వు."

"మూడు సైకిళ్ళ ఎడంలోనా, బావా?"