కడుపు లేని గుండె

నేను ఒక గుండెను. చేత్తో పట్టుకుని చూద్దామంటే మాత్రం దొరకను. నాకు కండ లేదు, నెత్తురు లేదు, కొట్టుకునే చప్పుడు అసలే లేదు. అరవై రెండు సమీకరణాలను ఒకదానికొకటి ముడివేస్తే నేనయ్యాను. ఉండేది కంప్యూటర్లో. డయాలసిస్ మీద పడుకున్న మనిషి ఒంట్లోంచి యంత్రం నాలుగు గంటల్లో రెండు మూడు లీటర్ల నీరు లాగేస్తుంటే, ఆ మనిషి గుండె, రక్తనాళాలు ఎలా తట్టుకుంటాయో ముందుగా లెక్కగట్టి చెప్పడం నా పని. బరువెంత, బీపీ ఎంత, ఎంత నీరు తీయాలి అన్నది చెబితే చాలు, నాలుగు గంటల బీపీని ఒక గీతగా గీసి చూపిస్తాను. గీత నిదానంగా సాగితే ఇబ్బంది లేదు. అది కిందికి జారిందంటే ఆ మనిషికి కళ్లు తిరుగుతాయి. ఈ ఒక్క విద్యకే నాకు కాస్త పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

నేను పుట్టింది విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో. మొదట నన్ను మొదలుపెట్టిన విద్యార్థి నాలుగు గదులు కట్టి, కవాటాలు బిగించి, బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని వెళ్లిపోయాడు. రెండేళ్లు అలా సగం గుండెగా పడి ఉన్నాక హిమజ వచ్చింది. పరిశోధన చేసే అమ్మాయి. ఎప్పుడూ ఏదో ఒకటి మరిచిపోయే రకం. ఒకరోజు గొడుగు, ఒకరోజు కళ్లజోడు, దాదాపు రోజూ మధ్యాహ్న భోజనం. కానీ నా విషయంలో ఏదీ మరిచిపోదనుకున్నాను. నీరు తగ్గినప్పుడు నాళాలు ఎంత బిగుసుకోవాలో, గుండె ఎంత వేగం పెంచాలో ఓపిగ్గా నేర్పింది. నేర్పి, నన్ను పలాసకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఊరి డయాలసిస్ కేంద్రానికి తీసుకొచ్చింది.

అక్కడి గోడ మీద ఒక బోర్డు ఉంది. 'డయాలసిస్ జరుగుతుండగా ఏమీ తినరాదు.' హిమజ అది చదివింది. తినరు కాబట్టి నాకు కడుపు కట్టే పని లేదని తేల్చేసింది. మనుషుల సంగతే అంత. ఒక పని చేయకూడదని గోడ మీద రాసుకుంటారు, ఇక ఆ పని జరగడం లేదని నమ్మేస్తారు. అయినా తన భోజనమే గుర్తుండని మనిషికి నా కడుపు గుర్తుండలేదని నేనేం తప్పుపట్టను.

ఎనిమిది మంచాల్లో ఏడింటి విషయంలో నా గీత ఇంచుమించు తప్పలేదు. నా పరువు తీసింది మూడో మంచం తవిటమ్మ. జీడిపిక్కల బట్టీలో పప్పు ఒలిచే మనిషి, జీడి అంటి వేళ్లు నల్లబడిపోయి ఉండేవి. ఇంట్లో తనూ, పదో తరగతి చదివే కూతురూ, ఇద్దరే. మంగళ, గురు, శనివారాల్లో కూతురికి వండిపెట్టి మొదటి బస్సుకు వచ్చేది. ఈవిడకేం ఫరవాలేదని నేను గీత గీసేవాణ్ని. కానీ చాలాసార్లు మూడో గంట దాటాక ఆవులింతలు, చెమటలు, కళ్లు మసకలు. గురువులు అనే టెక్నీషియన్ పరుగున వచ్చి మంచం తలవైపు దించి, సెలైన్ ఎక్కించి, నీరు తీయడం ఆపేసేవాడు. తీయాల్సిన నీరు ఒంట్లోనే మిగిలిపోయేది. రానురాను ఆవిడకు నాలుగడుగులు వేస్తే ఆయాసం.

వారానికోసారి వచ్చే డాక్టరు గారు కాగితాలు తిరగేసి చెప్పారు. "గుండె నీరసించినట్టుంది. రెండు వారాలు చూద్దాం. ఇలాగే ఉంటే విశాఖ పంపాల్సిందే. ఇక్కడ గుండె డాక్టర్లు లేరు, ఏదైనా అయితే నేను కాపాడలేను."

తవిటమ్మ పైకప్పు కేసి చూస్తూ అంది. "నానెల్లనండి. వారానికి మూడుసార్లు ఇసాపట్నమెల్తే నా పిల్లనెవులు సూస్తారు? మానేస్తాను గానీ ఎల్లను."

"ఏటి మానేస్తావు?" అన్నాడు గురువులు.

"ఇదే. ఈ మిసన్ను."

యంత్రం మానేస్తే ఎన్నాళ్లుంటుందో ఆ గదిలో అందరికీ తెలుసు.  డాక్టరు గారు హిమజ వైపు తిరిగి, "మీ కంప్యూటర్ ఏమంటోందమ్మా?" అని అడిగారు. ఏమీ ఇబ్బంది లేదంటోందని చెప్పలేక హిమజ తల దించుకుంది. నాకు తల లేదు గానీ ఉంటే నేనూ దించుకునేవాణ్నే.

ఆ తర్వాత పది రోజులు హిమజ నన్ను పెట్టిన తిప్పలు చెప్పనలవి కాదు. తవిటమ్మ నాళాలు బలహీనమేమోనని నా నాళాలన్నీ వదులు చేసింది. మంగళ, గురువారాల గీతలు సరిపోయాయి, కానీ శనివారం గీత కూలింది. మంచం మీది తవిటమ్మ ఏ శనివారమూ కూలలేదు. మళ్లీ బిగిస్తే శనివారం సరిపోయి మిగతా రెండూ చెడ్డాయి. శనివారం నుంచి మంగళవారానికి మూడు రోజుల ఎడం, నీరు ఎక్కువ చేరుతుంది కాబట్టి మంగళవారం పడిందంటే అర్థముంది. మరి గురువారమో? గురువారానికీ శనివారానికీ ముందు ఉండే ఎడం ఒక్కటే. గుండె జబ్బు వారం చూసుకుని వస్తుందా?

హిమజ ఆ మాటే గురువులుతో అంది. చేతులు తుడుచుకుంటూ అతను నా గీతల్ని చూశాడు.

"శనివారం ఆవిడ ఒక్కపొద్దు కదమ్మా," అన్నాడు.

"అయితే?"

"అయితే ఏటుంది. ఆ రోజు తినదు."

"మిగతా రోజులైనా ఇక్కడ తినకూడదు కదా. బోర్డు ఉందిగా?"

గురువులు బోర్డు వైపు చూశాడు, హిమజ వైపు చూశాడు. "అది బోర్డమ్మా," అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మూడో గంటలో నర్సులు డ్యూటీ మారతారు. ఆ సందులో మంచాల మీద పొట్లాలు విప్పుకుంటారు. మిగతావాళ్లవి రెండు బిస్కెట్లు, ఒక ఇడ్లీ. తవిటమ్మ మాత్రం పొద్దున్న ఏమీ తినకుండా బయల్దేరే మనిషి కాబట్టి కారియర్ నిండా తెచ్చుకున్న అన్నం కడుపునిండా తినేది. గురువులుకు అన్నీ తెలుసు, అటు తిరిగి నిలబడేవాడు. "ఆకలితో వచ్చినోల్లకి వద్దని ఎలగ సెప్పగలను? అన్నం ఇంత పని సేస్తాదని నాకేటి తెలుసు," అన్నాడు. 

హిమజ మూడో మంచం దగ్గరికి వెళ్లి కూర్చుంది. తవిటమ్మ భయపడిపోయింది. "తప్పయిపోనాదమ్మా. సిస్టరమ్మతో సెప్పకండి."

"తప్పు నీది కాదు పిన్నీ, నాది," అంది హిమజ. అన్నం తినగానే నెత్తురు కడుపు వైపు మళ్లుతుందని, అదే సమయంలో యంత్రం నీరు లాగేస్తుంటే పైకి పంపడానికి గుండెకు మిగిలేది తక్కువని నెమ్మదిగా చెప్పింది.

మర్నాడే నాకు కడుపు వచ్చింది. పదకొండు సమీకరణాల కడుపు. మూడో గంటలో అన్నం పెట్టి నడిపితే నా గీత సరిగ్గా తవిటమ్మ కూలిన చోటే కూలింది. అదే అన్నం పొద్దున్నే బస్సుకు ముందు పెడితే నాలుగు గంటలూ నిలబడింది. ఆ గీత చూసి నేను పొంగిపోయాను, సిగ్గూ పడ్డాను. అన్నాళ్లూ నేను ఎనిమిది మందికీ జోస్యం చెప్పింది ఒక్కళ్ల ఆకలీ తెలియకుండానే కదా.

మంగళవారం తవిటమ్మ ఇంట్లో తిని వచ్చింది. మూడో గంటకు డాక్టరు గారు, గురువులు, హిమజ మంచం చుట్టూ నిలబడ్డారు. బీపీ నూట ఇరవై. నూట పద్దెనిమిది. నూట పదహారు. నాలుగో గంట కూడా అయిపోయింది, తీయాల్సిన నీరంతా వచ్చేసింది. గురువారమూ అంతే, ఆపై మంగళవారమూ అంతే. డాక్టరు గారు విశాఖకు రాసి పెట్టిన కాగితం చింపేశారు. తవిటమ్మ ఏడ్చింది, గురువులు చూడనట్టు అటు తిరిగాడు. అటు తిరగడం అతనికి అలవాటే.

ఇప్పుడు నా స్థానంలో కొత్తది వచ్చింది. రంగుల గీతలు, పెద్ద తెర, దానికి కాలేయం కూడా ఉందట. నేనున్న పాత కంప్యూటర్ స్టోర్ గదిలో సెలైన్ పెట్టెల కింద ఉంది. కొత్తదాని మీద నాకు ఈర్ష్య లేదు. అది కూడా బరువు, బీపీల కన్నా ముందు 'ఈరోజు ఏం తిన్నారు, ఎప్పుడు?' అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఉన్న గడి నా నుంచి వెళ్లిందే.

నన్ను ఈ స్టోర్ గదికి మార్చిన రోజున తవిటమ్మ ఒకసారి చూపించమంది. హిమజ తెర మీద ఆమె గీతను వేసి, "ఇదే పిన్నీ నీ గుండె," అంది. తవిటమ్మ దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. నల్లటి వేలితో ఆ గీతను ఈ చివర నుంచి ఆ చివరికి తాకింది.

"దీనికి కడుపు కూడా పెట్టావంట కదమ్మా," అంది.

"పెట్టాను."

"మరి ఇది తిన్నాదా?"

నన్ను చేసినవాళ్లు గానీ వాడినవాళ్లు గానీ ఎన్నడూ ఆ మాట అడగలేదు. హిమజ నవ్వబోయింది.

"నువ్వో?" అంది తవిటమ్మ.

మధ్యాహ్నం రెండున్నర అయింది. హిమజకు అప్పుడు గుర్తొచ్చింది.