నాలుగు రాళ్ల స్టేషన్

రైలు ఆగలేదు. అయినా జనం దాని వెంట పరుగెత్తారు.

మరాఠీ గడ్డ అంచున ఉన్న తెలుగు ఊరు మోదుగువాయికి అదే మొదటి రైలు. పొద్దున్నుంచే ఊరంతా సున్నం పూసిన నాలుగు రాళ్ల దగ్గర నిలబడి ఉంది. ఆడవాళ్లు పెట్టెల్లోంచి తీసిన చీరలు కట్టుకున్నారు. అడవి ఊళ్ల నుంచి గోండులు డోలుతో వచ్చారు. దుర్గయ్య కూతురు అంజలి ఆస్పత్రి సంచి ఒళ్లో పెట్టుకుని ఒక రాయి మీద కూర్చుంది. ఇనుప ఖనిజం నింపిన డబ్బాలు ఒకదాని వెనుక ఒకటి పోతూనే ఉన్నాయి. ఎర్రటి దుమ్ము కొబ్బరికాయల మీద, పూలదండల మీద, పైకెత్తిన ముఖాల మీద పడింది. చివరన ఒక చిన్న డబ్బా కనిపించింది. దానికి కిటికీ ఉంది. లోపల మనిషి ఉన్నాడు.

"మన డబ్బా గదే," అని ఎవరో అన్నారు.

అందరికన్నా ముందు పరుగెత్తినవాడు దుర్గయ్య. అది గార్డు డబ్బా. తనను చూడటానికి వచ్చారనుకున్నాడేమో, గార్డు నవ్వి చెయ్యి ఊపాడు. దుర్గయ్య కూడా ఊపాడు. అంత మోసం కళ్లముందు జరిగిపోతుంటే తన చెయ్యి ఎందుకు లేచిందో అతనికి చాలాకాలం అర్థం కాలేదు. అవమానం కన్నా ముందు గర్వం వచ్చింది. తన మడిలోంచి పోయే రైలు అది.

ఆ మడిని అడిగినరోజు సభ పెట్టారు. గుట్టల మీది గని నుంచి పెద్దలైను దాకా పట్టాలు వేస్తామని, గూడ్సు వెనుక రెండు డబ్బాలు ఊరివాళ్లకేనని ఒక అధికారి మైకులో చెప్పాడు. ధర సంగతి ఎవరూ ముందు ఎత్తలేదు. ప్లాట్‌ఫారం ఎక్కడని అడిగారు. ఇంజనీరు నవ్వి, దుర్గయ్య పొలం గట్టు పక్కన నాలుగు రాళ్లు పాతించి సున్నం పూయించాడు. నలుగురి ముందు పాతిన హద్దురాయిని ఆ ఊళ్లో ఎవరూ కదిలించరు. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు కూడా కదిలించరు. అందుకని ఎవరూ కాగితం అడగలేదు. మోసపోయింది అక్కడే.

దుర్గయ్య అందరికన్నా ముందు సంతకం చేశాడు, అంజలి కోసం. ఆమెకు సికిల్ జబ్బు. ఒంట్లో రక్తం నిలవదు, కీళ్లు విరిచేసినట్టు నొస్తాయి. రక్తం ఎక్కించాలంటే జిల్లా ఆస్పత్రికి గడ్చిరోలి పోవాలి. ఖనిజం లారీలు తొక్కి తొక్కి దారంతా గుంతలు చేశాయి. జీపు ఎగిరిపడ్డప్పుడల్లా అంజలి పెదవి కొరుక్కుంటుంది. ఏడవదు. ఏడిస్తే దుర్గయ్యకు నయంగా ఉండేది.

మొదటి రైలు పోయిన వారంలో ఊరి సభలు జరిగే సమాజ్ మందిర్ హాలులో మీటింగ్ పెట్టారు. రైలు సాధన సమితి అధ్యక్షుడు బాబురావు తెల్ల చొక్కాలో వచ్చాడు. ఢిల్లీలో రైల్వేలకు కొత్త చైర్మన్‌ను పెడతారని, టీవీలో రోజూ అదే చర్చ అని చెప్పాడు. ప్యాసింజర్ బండ్లకు నష్టాలు వస్తున్నాయి గనక కంపెనీ నడిపినవాణ్ణి తేవాలని కొందరు, రైల్వేలోనే పెరిగిన అధికారిని పెట్టాలని కొందరు వాదిస్తున్నారట. మనకు కావలసినవాడు ఆ కుర్చీలో కూర్చుంటే మన డబ్బాలు మనకు వస్తాయట. అందాకా ఓపిక పట్టాలట.

గడ్చిరోలి కాలేజీలో చదివే కృష్ణకాంత్ లేచాడు. గూడ్సుకు లాభం, మనుషులకు నష్టం అని రాసిపెట్టుకున్నాక ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే చదువుతారని అన్నాడు. కంపెనీవాడు లాభం వచ్చే బండ్లు ఏరుకుంటాడు, అధికారి మిగిలినవి మూసేస్తాడు, తేడా అంతే.

వెనుక నుంచి ముత్తక్క అందుకుంది. ఆమె భర్త పట్టాల పనిలో కంకర మోసి నడుం పోగొట్టుకున్నాడు. "మనుషులను మోస్తె నష్టమైతే మమ్ములను గూడ టన్నులల్ల జోకుమను బాబురావు సారూ. ఖనిజం కింద రాసుకుని ఎక్కించుకపోతరు."

మందిర్ అంతా నవ్వింది. బాబురావు కూడా నవ్వాడు, అందరికన్నా కొంచెం ఎక్కువసేపు.

అడవి ఊళ్ల పెద్ద జంగు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అడిగేదాకా అతను నోరు విప్పలేదు. "మా సభల పెద్దమనిషి ఆఖరుకు మాట్లాడతడు. అందరిది విన్నంక. మీ పెద్దమనిషి ముందుగాల మాట్లాడి లేచిపోతుండు. ఢిల్లీల గూడ గట్లనే ఉంటదనుకుంట."

బాబురావు నిజంగానే లేచిపోయాడు. కొన్నాళ్లకు అతణ్ణి రైల్వే ప్రయాణికుల సలహా సంఘంలో వేశారు. దేశంలో ఏ రైలైనా ఎక్కి తిరిగే పాసు ఇచ్చారు. రైలు లేని ఊరి మనిషికి రైలు పాసు. అతను దాన్ని చొక్కా జేబులో బయటికి కనిపించేలా పెట్టుకునేవాడు. దుర్గయ్యకు అతని మీద కోపం రావలసింది. రాలేదు. గార్డు చెయ్యి ఊపినప్పుడు తాను ఊపలేదా? తాను ఊపింది గార్డుకు, బాబురావు ఊపింది పాసు ఇచ్చినవాళ్లకు, అంతే.

తర్వాత పట్టాల పనివాళ్లు వచ్చి నాలుగు రాళ్లనూ పెకిలించి కంకరలో వేసేశారు. కంట్రాక్టరు చెప్పాడట.

ఆ సాయంత్రం అంజలి అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉంది.

"బాపూ, వాళ్లు ప్లాట్‌ఫారం కట్టకుంటే మనం కట్టుకుందాం."

"రైలు ఆగకపాయె, ప్లాట్‌ఫారం ఏం చేసుకుంటవ్ బిడ్డా?"

"నిలబడతం. వాళ్లకు కనబడాలె గద."

కల్లం చేసినట్టే ఊరంతా కలిసి ప్లాట్‌ఫారం చేశారు. ఇంటికింత మట్టి తమ పొలం నుంచి తెచ్చారు. పొలం పోయినవాళ్లు వాగు నుంచి తెచ్చారు. నీళ్లు చల్లి ఎడ్లను తిప్పారు. దుర్గయ్య భార్య రాజక్క, మిగతా ఆడవాళ్లు పేడతో అలికారు. జంగు మనుషులు వెదురు తడికెలు కట్టి నీడ చేశారు. ముత్తక్క సున్నంతో ఊరి పేరు రాయించింది. ఇక రోజూ గూడ్సు వేళకు జనం సంచులు సర్దుకుని వచ్చి నిలబడేవారు. దాహానికి చెంబు, దారికి రొట్టెలు, అన్నీ ఉండేవి. రైలు దూసుకుపోయేది. దుమ్ము దులుపుకుని ఇళ్లకు పోయేవారు. డ్రైవర్లు అక్కడికి రాగానే వేగం తగ్గించడం మొదలుపెట్టారు. ఒకడు ముఖం తిప్పుకునేవాడు. ఒకడు రెండు చేతులూ జోడించాడు.

ఎక్కనివ్వని రైలు కోసం నిలబడటం కూడా నేరమేనని పోలీసులు వచ్చినరోజు తెలిసింది.

నాయకుడు ఎవరని ఇన్‌స్పెక్టర్ మరాఠీలో అడిగాడు. కృష్ణకాంత్ మరాఠీలోనే, ప్రయాణికులకు నాయకుడు ఉండడు, టికెట్ ఉంటుంది, అదే అడుగుతున్నాం అన్నాడు. అతణ్ణి ముందు ఎక్కించారు. తర్వాత దొరికినవాళ్లను దొరికినట్టు వ్యాన్‌లోకి తోశారు. ఒక కానిస్టేబుల్ చెయ్యి దుర్గయ్య భుజం మీద పడబోయింది. దుర్గయ్య వెనక్కి జరిగాడు. జరగాలని అనుకోలేదు. ఒళ్లు తనంతట తాను జరిగింది, అతణ్ణి అడగకుండానే. ఆ చెయ్యి పక్కనున్న రాజక్క మీద పడింది.

అంజలిని చూసి, ఈ పిల్ల జబ్బు మనిషిలా ఉంది, వదిలేయండి అన్నాడు ఇన్‌స్పెక్టర్. అంజలి తల్లి వెనుకే వ్యాన్ మెట్టు ఎక్కింది.

"బండి ఎటు పోతది సార్?"

"గడ్చిరోలి. కోర్టుకు."

"నాకు అక్కడనే పని ఉన్నది."

వ్యాన్ కదిలింది. ఇనుప జాలీలోంచి ముత్తక్క అరిచింది, "దుర్గన్నా, సర్కారు బండి దొరికింది, నువ్వొక్కనివే తప్పిపోయినవ్." అందులో ఎగతాళి ఎంతో, జాలి ఎంతో దుర్గయ్య తేల్చుకోలేకపోయాడు. ఆ రోజంతా అతను ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాడు. పిరికితనం తనకు కొత్త కాదు. దానికి ఇన్నాళ్లు ఓపిక అని పేరు పెట్టుకున్నాడు.

పొద్దున రాజక్క ఫోన్ చేసింది. వ్యాన్ దారిలో ఆష్టి ఊరి దగ్గర ఖనిజం లారీల వెనుక ఇరుక్కుపోయింది. అంజలికి స్పృహ తప్పింది. ముందు ఆస్పత్రికి పోనిస్తేనే ఊరుకుంటామని వ్యాన్‌లో అందరూ ఇనుప జాలీ మీద చేతులతో బాదారు. లారీవాళ్లకు దారి వదలమని ఇన్‌స్పెక్టర్ దిగి తిట్టవలసి వచ్చింది. ఇప్పుడు రక్తం ఎక్కుతోంది. మంచం పక్కన కానిస్టేబుల్ ఉన్నాడు.

"బతికినట్టేనా?" దుర్గయ్య అడిగాడు.

"ఆఁ. అరెస్టు చేస్తెనే బతికింది," అంది రాజక్క. ఫోన్ పెట్టేసింది.

ఆ మాట అడవి ఊళ్లకు పోయింది. మర్నాడు రెండు వ్యాన్లతో ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద చోటు లేదు. నెలలు నిండినవాళ్లు ఉన్నారు. పొర కమ్మిన కళ్ల ముసలివాళ్లు ఉన్నారు. జ్వరంతో వేలాడే పిల్లలను భుజాన వేసుకున్న తల్లులు ఉన్నారు. ఒక ముసలామెను జంగు మంచం మీదే మోయించుకొచ్చాడు. అందరి పక్కనా సంచులు ఉన్నాయి. అందరికన్నా ముందు దుర్గయ్య కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టర్ సంచులన్నీ చూస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఇవాళ ఎవరినీ అరెస్టు చేయం, ఇళ్లకు పొండని చెప్పించాడు. ఎవరూ కదలలేదు. అతను వ్యాన్లను వెనక్కి తిప్పమన్నాడు.

"తీసుకపోరా సార్?" అన్నాడు దుర్గయ్య. "నేను మొన్న తప్పిపోయిన. ఇయ్యాల ఎక్కుదామని వచ్చిన."

దూరంగా గూడ్సు కూత వినిపించింది. దుర్గయ్య సంచి తీసుకున్నాడు. ప్లాట్‌ఫారం దిగి, ఒకప్పుడు తన మడి ఉన్నచోట, రెండు పట్టాల నడుమ కూర్చున్నాడు. జంగు వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. వెనుక మంచం దించిన చప్పుడు అయింది. తర్వాత ఎవరెవరు వచ్చారో దుర్గయ్య తిరిగి చూడలేదు. కంకర మీద అడుగులు మాత్రం చాలాసేపు వినిపించాయి. ఇన్‌స్పెక్టర్ ఎర్ర రుమాలు పట్టుకుని, ఫోన్‌లో అరుస్తూ, రైలుకు ఎదురు పరుగెత్తుతున్నాడు.

మోదుగువాయిలో రైలు ఆగింది. ఎక్కడానికి ఒక్క డబ్బా లేదు. అయినా ఎవరూ లేవలేదు.