మెడ దగ్గర అతుకు

పాస్‌పోర్టు ఫొటోలు ఎనిమిదీ ఒక్క కొలతలో వచ్చేలా కట్టరు కింద జరుపుతున్నాడు ఇద్రీస్. విశాఖ పూర్ణా మార్కెట్ వెనక సందులోని ఆ స్టూడియోలో ముప్పై ఏళ్ళుగా అదే ఎత్తుపీట, అదే పని. అరవై నిండి చత్వారం ముదిరింది గానీ చెయ్యి మాత్రం వణకదు. ఎవరైనా ఆ చేతిని మెచ్చుకుంటే గబుక్కున ఒళ్ళోకి లాక్కుంటాడు. కొత్తపెళ్ళికూతురికి కూడా ఇంత సిగ్గుండదని ఓనరు గురునాథరావు ఏడిపిస్తుంటాడు.

పదిన్నరకి పెందుర్తి నుంచి సత్యశ్రీ అనే ఆవిడ తల్లిని ఆటోలో తీసుకొచ్చింది. ముసలావిడది నూలుచీర, వాచిన పాదాలు. మెట్లెక్కేసరికి ఊపిరి అందలేదు.

"పెద్ద ఫొటో తియ్యి బాబూ. నాను పోయాక గోడకి పెట్టుకుంతారు," అంది నవ్వుతూ.

అందరికీ చెప్పే మాటే చెప్పాడు ఇద్రీస్. "మొకం తీత్తే సాలమ్మా. మెడ కిందనుంచి కంప్యూటర్లో పట్టుసీర అతికేత్తాను. ఇప్పుడందరూ అలగే సేయించుకుంతన్నారు."

ఆవిడ నవ్వు పోయింది.

"వొద్దు. నా తలకాయ కింద నా ఒల్లే ఉండాల." తనే మళ్ళీ అంది. "నాను జ్యోతిర్మయిని. నాటకాలాడేదాన్ని, రెండు సినిమాల్లోనూ ఏసినాను. ముప్పయ్యెనిమిదేళ్ళ కితం ఒక పత్రికోడు నా మొకం కోసి, ఎవర్తిదో గుడ్డల్లేని ఒంటికి అతికించి అచ్చేసినాడు. కోర్టుకెల్తే ఆ ఒల్లు నాదేనన్నాడు ఆడి లాయరు. అతికినోడొచ్చి నిజం సెప్తాడని మూడు వాయిదాలు సూసినాను. రానేదు."

అతికినవాడు ఆవిడ ఎదుటే నిలబడి లైటు సరిచేస్తున్నాడు.

రైల్వే స్టేషన్ దగ్గరి కొట్లలో ఎవరూ తెరిచి చూడకుండా పిన్నులు కొట్టి, వెనక వరుసలో అమ్మేవారు ఆ పత్రికని. తారల బొమ్మ ఉంటే రెండింతలు పోయేది. ఇప్పుడైతే ఆ పాడుపని సెల్‌ఫోనే చేస్తోంది. అప్పట్లో దానికి చెయ్యి తిరిగినవాడు కావాల్సొచ్చేది. జ్యోతిర్మయి చెవి అంచున బ్లేడు తిప్పి, మెడ దగ్గర అతుకు కనబడకుండా కుంచెతో గొలుసు గీశాడు ఇద్రీస్. గొలుసు ఎంత బాగా కుదిరిందోనని మురిసిపోయాడు కూడా. కేసు పడ్డాక ఎలమంచిలిలో అక్క ఇంట్లో దాక్కుని, దాన్ని కోర్టు కొట్టేసిందని తెలిశాకే తిరిగొచ్చాడు.

నోటిదాకా వచ్చింది. కూతురి ముందు ఎలా అనుకున్నాడు, ఓనరు వింటాడనుకున్నాడు. పిరికివాడికి సాకులకేం తక్కువ? ఫొటో తీసి, సాయంత్రం రమ్మన్నాడు.

మధ్యాహ్నం అన్నానికి లేవకుండా ఆ పనే పట్టుకున్నాడు. ఫొటోలో ఒక్క ముడత చెరపలేదు, చీర మీది మాసిక కూడా ఉంచేసి ఫ్రేము కట్టాడు. సాయంత్రం ఆవిడ రాగానే కాళ్ళ మీద పడి చెప్పేద్దామని, ఎలా మొదలుపెట్టాలో పదిసార్లు లోపల అనుకున్నాడు.

అయిదింటికి సత్యశ్రీ ఒక్కతే వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మ మద్దేనం పోయింది సాయిబుగారూ. ఫొటో అయిందా?"

ఇద్రీస్ పీట దిగి నిలబడ్డాడు. ఇక దాచుకోవడం చేతకాలేదు.

"ఆ పత్రికలో అతికినోన్ని నానేనమ్మా."

ఆమె అతని చేతులకేసి చూసింది.

"పొద్దున్నే సెప్పుంటే అమ్మ ఇనేది. ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్ళు సూసింది. ఇప్పుడు నాకెందుకు సెప్పినావ్? నీ బరువు దింపుకోడానికా?"

ఆమె అడిగింది నిజమేనని అతనికి తెలుసు, అందుకే తలెత్తలేకపోయాడు.

"నీ సేత్తో సేసిన బొమ్మ మా ఇంటికొద్దు," అని ఆమె మెట్లు దిగిపోయింది. తల్లికి మరో ఫొటో ఉందో లేదో అడగడానికి కూడా ఇద్రీస్‌కి నోరు రాలేదు.

పాత పేపరు చుట్టిన ఫ్రేము కౌంటరు మీదే ఉండిపోయింది, పట్టుకెళ్ళడానికి వీలుగా అతను పురికొసతో వేసిన పిడితో సహా.