ఇంట్లో మాట

లాండ్రీలో ఆమెను అందరూ వసపిట్ట అనేవాళ్లు. దుప్పటి రెండు కొసలూ పట్టుకుని మడతపెట్టేలోపు ఆమె నోట ఒక కథ పూర్తయ్యేది. "నీ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదే," అని ఇస్త్రీ దగ్గరి పెద్దమ్మ నవ్వేది.

ఇంటికి వెళితే మాత్రం ఆ నోరు పెగిలేది కాదు. భర్త పోయాక ఇంట్లో మిగిలింది తనూ, కూతురూ. పిల్లను బడిలో వేసినప్పుడు టీచరమ్మ చెప్పింది, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని, లేకపోతే వెనకబడిపోతుందని. తనలా పిల్ల కూడా దుప్పట్లు మడతపెడుతూ బతకకూడదని ఆమె ఆ మాట గట్టిగా పట్టుకుంది. తనకొచ్చిన ఇంగ్లీషు గుప్పెడు. కమ్, ఈట్, బాత్, స్లీప్. ఆ గుప్పెడుతోనే సంసారం. పిల్ల బడి కబుర్లు గలగలా చెబుతుంటే సగం అర్థంకాక "వెరీ గుడ్" అనేది. కొన్నాళ్లకు పిల్ల చెప్పడం మానేసింది. చదువు మీద ధ్యాస కాబోలని మురిసిపోయింది పిచ్చితల్లి.

ఒక ఆదివారం, ఎవరింట్లో ఏ భాష మాట్లాడతారో రాసుకునే అమ్మాయి వచ్చింది.

"ఇంట్లో ఏం మాట్లాడతారక్కా?"

"ఇంగ్లీషేనమ్మా."

"అబ్బో. మరి నాతో తెలుగేంటి?"

"నాకంత రాదులే. మా పాపకి మాత్రం మంచినీళ్ల ప్రాయం. కావాలంటే అడుగు."

అమ్మతో ఏ భాషలో మాట్లాడతావని ఆ అమ్మాయి పిల్లను ఇంగ్లీషులో అడిగింది. పిల్ల బొమ్మకు రంగు వేసుకుంటూ, తలెత్తకుండానే, "నో టాకింగ్," అంది. "ఓన్లీ ఈట్, బాత్, స్లీప్."

అందులో ఆమెకు తెలియని మాట ఒక్కటీ లేదు.

అమ్మాయి కాగితం మీంచి కలం ఎత్తి తల్లి వైపు చూసింది. "ఇంగ్లీషనే రాసుకో," అంది తల్లి.

అమ్మాయి వెళ్లగానే పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "నువ్వు పుట్టిన రోజు ఎంత వాన కురిసిందో తెలుసా బంగారూ? మీ నాన్న చెప్పు ఒకటి నీళ్లలో కొట్టుకుపోయింది. ఒంటి చెప్పుతోనే ఆసుపత్రికొచ్చి, గచ్చంతా బురద చేసి, నర్సు చేత చీవాట్లు తిన్నాడు..."

లాండ్రీలో అందరినీ కడుపుబ్బ నవ్వించిన కథ అది. చెబుతూ తనే నవ్వింది.

పిల్ల నవ్వలేదు. ఒళ్లో బిగుసుకుపోయింది. అమ్మ తనతో తెలుగు మాట్లాడేది కోపం వచ్చినప్పుడే. పాలు ఒలకబోసినప్పుడు, చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి పరుగెత్తినప్పుడు.

"సారీ మమ్మీ," అంది, కళ్లనిండా నీళ్లతో.

తిట్టడం లేదు తల్లీ అని చెప్పాలి. ఇంగ్లీషులో ఎలా అనాలో తెలియదు. తెలుగులో అంటే ఇంకా బెదిరిపోతుంది. ఆమె పిల్ల వీపు నిమురుతూ ఉండిపోయింది. పిల్ల సారీ చెబుతూనే ఉంది.