మూడేళ్ళా, ఆరేళ్ళా

నెహెమ్యా వెనక సీటులో దిండు సర్ది, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. రామలక్ష్మమ్మ మెట్టుమెట్టుకూ ఆగుతూ దిగింది. సూదులు గుచ్చీ గుచ్చీ ఆమె ఎడమచేతి నరం తాడులా ఉబ్బింది. ఆ చేతిని దేనికీ తగలనీయకుండా కుడిచేత్తో అతని భుజం ఆసరా చేసుకుని కారెక్కింది. మంగళ, గురు, శనివారాల్లో ఉదయం ఐదున్నరకు నాలుగేళ్ళుగా ఇదే పని. డోన్ నుంచి కర్నూలుకు గంట దారి. ఆసుపత్రిలో ఆమెకు డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ అతను కారులోనే కూర్చుంటాడు. మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం.

నెహెమ్యాకు యాభై ఒకటి. పొట్టి మనిషి. స్టీరింగు పట్టీ పట్టీ అరచేతుల గీతలు అరిగిపోయాయి. ఇరవై ఏడేళ్ళుగా నడిపినవన్నీ ఇతరుల బండ్లే. జీపు, నాపరాళ్ళ లారీ, పెళ్ళిళ్ళ వ్యాను, ఇప్పుడు పెద్ద ఈరన్న డీజిల్ కారు. నెలాఖరుకు దాని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు తీరిపోతుంది. పాత ఇనుముకు వేసేస్తాననీ, మళ్ళీ బండి కొననని ఈరన్న తేల్చి చెప్పాడు.

"నీకు ఖాయం బాడుగ ఉండాది గదప్పా. నువ్వే ఒకటి చూసుకో" అన్నాడు.

చూసుకుంటే కరెంటు కారే చూసుకోవాలని కార్ల స్టాండులో అందరూ అన్నారు. అందులో అతనికీ అనుమానం లేదు. కొనడమా, లీజుకు తీసుకోవడమా అన్నదే నెల రోజులుగా తేలలేదు.

ఆ మంగళవారం రామలక్ష్మమ్మను ఆసుపత్రిలో దింపి, ఆమెతో చెప్పే షోరూముకు వెళ్ళాడు. యామిని అనే అమ్మాయి కుర్చీ చూపించి, ఓపికగా వివరించింది.

"లీజంటే మూడేండ్లు అంకుల్. రిపేరీ, ఇన్సూరెన్సు కంపెనీవే. గడువు అయినాక బండి ఇచ్చేస్తారు. కొంటే ఆరేండ్ల లోను. బండి మీ పేరు మీద ఉంటాది, కానీ ఆరేండ్లూ కట్టల్ల. మీకు ఖాయం బాడుగ ఏమన్నా ఉండాదా?"

"వారానికి మూడు దినాలు ఉండాదిమా."

"ఎన్నేండ్లు ఉంటాది?"

నెహెమ్యా మంచినీళ్ళు అడిగి తాగి, ఆలోచించి చెప్తానని లేచాడు.

ఆసుపత్రి బయట కారులో కూర్చున్నాక, నాలుగేళ్ళ కిందట ఆమెతోపాటు ఉదయం పూట డయాలసిస్‌కు వచ్చిన వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పదకొండు మంది. ఇప్పుడు వస్తున్నది ముగ్గురు. ఎన్నడూ చేయని ఆ లెక్క ఇవాళ ఎందుకు చేస్తున్నాడో తెలుసు గనక, తనమీద తనకే అసహ్యం వేసింది.

తిరుగు ప్రయాణంలో వెల్దుర్తి దాటాక వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏమప్పా, కారు చూస్తివా?"

మూడేళ్ళూ ఆరేళ్ళూ రెండూ చెప్పాడు. ఆమె కాసేపు కిటికీలోంచి ఎండిన సజ్జ చేలను చూసింది.

"లీజుకే తీసుకో. నన్ను నమ్ముకోని ఆరేండ్లు యాడ కడతావు?"

"అట్లనొద్దమ్మా."

"ఉన్న మాటే చెప్తాండా. డాక్టరు నాకు చెప్పినాడు గానీ నీకు చెప్పలేదు గదా."

నెహెమ్యా ముందు పోతున్న లారీని దాటాడు.

"కొంటానమ్మా. మీ కోసరం కాదు. నా పేరు మీద ఒక్క బండన్నా ఉండల్ల."

అందులో సగమే నిజం. మూడేళ్ళ కాగితం మీద సంతకం పెడితే, వారానికి మూడుసార్లు అద్దంలో ఆమె ముఖం చూడలేనన్నది మిగతా సగం.

"అట్లయితే కొను" అని ఆమె నవ్వింది. "నాకు ఆరేండ్ల గడువు పెట్టినావు."

ఇంటి దగ్గర దించాడు. ఆమె మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కి, తలుపు వేసుకుంది.

గురువారం ఐదున్నరకు వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీలు వేస్తున్నారు. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందని పక్కింటి భీమక్క చెప్పింది. నెహెమ్యా కారు కాస్త దూరంగా నిలిపి వచ్చి, మధ్యాహ్నం దాకా వచ్చేవాళ్ళకు నీళ్ళు అందించాడు.

సాయంత్రం యామిని ఫోను చేసింది. "ఏ ఫారం పెట్టల్ల అంకుల్?"

డోన్ నుంచి బస్సులో పడుతూ లేస్తూ డయాలసిస్‌కు వచ్చేవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళను అడగాలి. ఒప్పుకుంటారో లేదో తెలియదు.

"కొనేదే పెట్టుమా" అన్నాడు.

నెలాఖరున పాత కారును అప్పగించే ముందు సీట్ల కింద చెయ్యి పెట్టి వెతికాడు. ఒక రెండు రూపాయల బిళ్ళ, దుమ్ము పట్టిన గోధుమరంగు ఉన్ని మేజోడు ఒకటి దొరికాయి. డయాలసిస్ అయ్యాక నడివేసవిలో కూడా రామలక్ష్మమ్మకు పాదాలు చల్లబడేవి. నెహెమ్యా భార్య ప్రసన్నకుమారి దాన్ని ఉతికి దండెం మీద వేసింది. మూడు రోజులైనా ఇద్దరిలో ఎవరూ తీయలేదు. ఎండకు ఎండి బిరుసెక్కినా, ఆ మేజోడు మడమ దగ్గర ఇంకా ఆమె కాలి వంపులోనే ఉంది.